వంటాముదం: ఒక ఇంటి మందు చరిత్ర

మన పత్రిక అందే ఇళ్లలో ఒకే సీసాకు అరడజను పేర్లున్నాయి. ఇంట్లో మనం ఆముదమంటాం. గడప దాటి అంగడికి వెళ్తే తమిళనాట అది విళక్కెణ్ణె, బళ్లారిలో, కోలారులో హరళెణ్ణె, బరంపురంలో జడా తేల, సోలాపూరులో ఎరండేల్. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో దొరల భాషలో దాని పేరు రిసిన్. ఈ పేర్లు తలా ఒక ముక్క చరిత్ర చెబుతాయి. తమిళుల ఆమణక్కూ మన ఆముదమూ ఒక తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులంటారు. విళక్కెణ్ణె అంటే దీపాల నూనె. ఎరండేల్‌లో ఉన్నది సంస్కృతపు ఏరండం. రిసిన్‌కు మూలమైన లాటిన్ మాటకు పశువులను పట్టే పిడుదు అని అర్థం. ఆముదం గింజను అరచేతిలో పెట్టుకుని చూస్తే ఆ పేరు పెట్టినవాడి చూపును మెచ్చుకోక తప్పదు.

అయితే ఏ పేరులోనూ లేని సంగతి ఒకటుంది. ఈ నూనెను తయారుచేసింది ఆడవాళ్లు, దాచింది ఆడవాళ్లు, పిల్లలకు పట్టింది ఆడవాళ్లు. ఎవరికీ చెప్పకుండా, తలుపు చాటున, ముక్కు మూసుకుని తాగింది కూడా ఎక్కువగా ఆడవాళ్లే. మలబద్ధకం మగవాళ్లకూ వస్తుంది. కాని ఏ దేశంలో లెక్క తీసినా ఆడవాళ్లలో అది దాదాపు రెండింతలు కనిపిస్తుందని వైద్యులు చెబుతారు. మగవాడు ఆ మాట పదిమందిలో నవ్వుతూ అనేస్తాడు. ఆడమనిషి అనదు.

నేను వాణిజ్యశాస్త్రం చదివి బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి, వైద్యుణ్ణి కాను. మా వృత్తిలో సస్పెన్సు ఖాతా అని ఒకటుంది. దేనికి చెందుతుందో తేలని పద్దును ఆ పూట లెక్క సరిపెట్టడానికి అందులో వేస్తాం. ఆ పద్దు అక్కడ ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే తనిఖీకి వచ్చినవాడు ఊరుకోడు. ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎందుకు ఇక్కడే ఉంది అని అడుగుతాడు. మన ఇళ్లలో ఆడవాళ్ల ఆముదం సీసా అలాంటి పద్దు. ఆ ప్రశ్న వేసి వెనక్కి వెళ్తే ఎక్కడ తేలుతామో చూద్దామనే ఈ వ్యాసం.

దీపం నుంచి కడుపులోకి

ఆముదం చాలా పాత మందు. క్రీస్తుకు పూర్వం సుమారు 1550 నాటిదని చెప్పే ఈజిప్టు వైద్యగ్రంథం ఎబర్స్ పపైరస్‌లో ఈ చెట్టు ప్రస్తావన ఉంది. మన చరక సుశ్రుత సంహితల్లో ఏరండానికి గౌరవస్థానమే దక్కింది. వాతాన్ని అణచే మందుల్లో దాన్ని ముఖ్యంగా లెక్కించారు.

ఆనాటి వైద్యులు విరేచనం చేయించే మందులన్నిటినీ ఒకే గాట కట్టలేదు. మెత్తగా పనిచేసేవాటిలో రేల మేలైనదన్నారు. సుఖంగా పనిచేసేవాటిలో తెగడను ముందు నిలిపారు. కఠినమైనవాటిలో జెముడు పాలను పేర్కొన్నారు. మనిషి బలం, వయసు, కాలం చూసి ఏది ఇవ్వాలో నిర్ణయించేవారు. అంటే విరేచనాన్ని వారు చికిత్సగా భావించారు. దానికి ముందు సిద్ధం చేయడం, తర్వాత పథ్యం పాటించడం ఉండేవి. వారానికోసారి మింగి పనిలో పడిపోయే వస్తువుగా వారు దాన్ని చూడలేదు.

గర్భిణి విషయంలో వారి జాగ్రత్త మరీ ఎక్కువ. ఆమెకు విరేచనపు మందు పోయరాదన్నారు. అలాగని ఆమె బాధను పట్టించుకోకుండా వదిలేయలేదు. ఎనిమిదో నెలలో పేరుకున్న మలం పోయి వాయువు సరైన దారిలో నడవడానికి వస్తి, అంటే ఎనీమా, చేయాలని సుశ్రుతంలో ఉంది. నిండు గర్భిణికి మలబద్ధకం మామూలని, దానికి కడుపును కుదిపివేసే మందు పనికిరాదని అంత పూర్వమే గుర్తించారన్నమాట. గర్భం ధరించినప్పుడు ఊరే హార్మోన్లవల్ల పేగు కదలిక మందగిస్తుందని నేటి వైద్యం వివరిస్తుంది. కారణం ఇప్పుడు తెలిసింది. బాధ అప్పుడే తెలుసు.

అయితే సంహితలు చదివిన వైద్యుడు ఎన్ని ఊళ్లకు ఒకడు ఉండేవాడు? ఉన్నా, ఇంటి కోడలు అతని ముందుకు వచ్చి ఈ మాట చెప్పేదా? చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనవాళ్లు ఎగతాళికి అంటారు. వైద్యుడు లేని చోట అది అక్షరాలా నిజమయింది. పెరట్లో మొలిచే చెట్టు, దీపానికి ఎలాగూ తీసే నూనె, అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేని మందు. ఆముదం ఆడవాళ్ల చేతికి రావడానికి ఇంతకంటే కారణం వెతకనక్కరలేదు.

రోలు, పొయ్యి, పెద్ద కుండ

మా హోసూరు తాలూకా ఒకప్పుడు సేలం జిల్లాలో ఉండేది. మెట్ట చేలగట్ల మీద ఆముదపు చెట్లు ఎవరూ నాటకుండానే పెరిగేవి. గింజల్లో రెండు రకాలు. పెద్ద గింజ పేరాముదం, దీపాలకు. చిన్న గింజ చిట్టాముదం, మందుకు. మా అవ్వ కాలంలో ఈ రెండూ కలిపితే పెద్ద తప్పు చేసినట్టే.

తయారీ ఒక రోజు పని. ఎండిన కాయలు కొట్టి గింజలు తీస్తారు. సన్నని సెగ మీద వేయిస్తారు. రోట్లో వేసి మెత్తగా దంచుతారు. ఆ ముద్దను పెద్ద కుండలో నీళ్లు పోసి గంటల తరబడి మరగబెడతారు. నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి మరో గిన్నెలో పోసి, చిటపట ఆగేదాకా మళ్లీ కాస్తారు. తడి పోయిందనడానికి అదే గుర్తు. ఇలా తీసినదే వంటాముదం. అడుగున మిగిలిన పిప్పిని పశువులకు పెట్టరు. చేలో ఎరువుగా వేస్తారు.

ఇందులో ప్రతి మెట్టుకూ అర్థముంది. ఆముదం గింజలో భయంకరమైన విషముంది. 1888లో స్టిల్‌మార్క్ అనే పరిశోధకుడు ఆ విషాన్ని వేరుచేసి దానికి కూడా రిసిన్ అనే పేరే పెట్టాడు. అది నీళ్లలో కరిగే మాంసకృత్తు; నూనెలో కరగదు, మరిగే వేడికి చెడిపోతుంది. పచ్చి గింజను నమిలి తిన్న పిల్లలు ప్రాణాపాయంలో పడతారు. అదే గింజను వేయించి, దంచి, నీళ్లలో మరగబెట్టి తీసిన నూనె మందయింది. చదువుకోని స్త్రీలు, ప్రయోగశాల పుట్టక ముందే, విషాన్ని నీళ్లలోనూ పిప్పిలోనూ విడిచిపెట్టి నూనెను మాత్రం ఏరుకునే పద్ధతి కనిపెట్టి తరతరాలకు అప్పగించారు. మన సాంకేతిక చరిత్రలో దీనికి ఒక పేజీ దక్కాలి.

దొరల సీసా

ఐరోపాలో ఈ నూనెకు పేరు రావడం చాలా ఆలస్యంగా జరిగింది. వెస్టిండీసులో వైద్యం చేసి ఇంగ్లండుకు తిరిగివెళ్లిన పీటర్ కాన్వేన్ అనే వైద్యుడు 1764లో దీని గుణాల మీద చిన్న పుస్తకం రాశాడు. ఆ తర్వాతే అక్కడి మందుల కొట్లలో అది కుదురుకుంది. ఇక్కడ మద్రాసు సైన్యపు వైద్యుడు వైట్‌లా ఐన్‌స్లీ 1813లో మద్రాసులోనే ఒక ఔషధగ్రంథం అచ్చువేయించాడు. మన అంగళ్లలో దొరికే మందు వస్తువులను తమిళ, తెలుగు, దక్కనీ, సంస్కృత పేర్లతో సహా వరసపెట్టి రాసిన పుస్తకమది. ఇంటి వస్తువు ఇలా పుస్తకాలకెక్కింది.

తర్వాత అది వర్తకానికీ ఎక్కింది. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో రైళ్లు వచ్చాక పెట్టెల్లో దీపాలకూ, ఇరుసులకూ ఆముదం కావలసివచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల ఇంజన్లు కూడా ఈ నూనెతోనే తిరిగాయి. కిరసనాయిలు వచ్చి దీపం పని తీసుకున్నా ఆముదానికి గిరాకీ తగ్గలేదు. 1968లో గుజరాతులో సంకరజాతి ఆముదం విత్తనం విడుదలయ్యాక పంట చాలావరకు ఆ రాష్ట్రానికి తరలిపోయింది. ఇప్పుడు మన అంగడిలో కొనే ఆముదం ఎక్కువగా అక్కడి గింజల నుంచి వచ్చిందే. చేలగట్టు మీది చెట్టూ, పెరట్లో కుండా పోయాయి. సీసా మాత్రం మిగిలింది.

సర్కారు ఆస్పత్రులు వచ్చాక ఆముదానికి మరో హోదా వచ్చింది. కంపౌండరు పోసే ఔన్సు గ్లాసులో అది ఇంగ్లీషు మందయిపోయింది. జ్వరానికి ముందు ఆముదం, జ్వరం తగ్గాక ఆముదం, నులిపురుగులకు ఆముదం. మా తరంవాళ్లు చాలామంది ఆదివారం ఉదయం ఆముదం తాగి పెరిగినవాళ్లే. ఏ దిగులు పడ్డ ముఖాన్నైనా ఆముదం తాగిన ముఖమని మనం ఇప్పటికీ అంటున్నామంటే ఆ రుచి భాషలోకి కూడా ఇంకిందన్నమాట.

మంత్రసాని చేతిలో

నొప్పులు రాక ఆలస్యమయితే మంత్రసాని ఆముదం తాగించేది. ఈ ఆచారం మన దేశానిదే కాదు, చాలా దేశాల్లో ఉంది. కడుపు కదిలితే కాన్పూ కదులుతుందని వాళ్ల నమ్మకం. పేగుకూ గర్భసంచికీ ఏం సంబంధమని చదువుకున్నవాళ్లు చాలాకాలం దీన్ని మూఢాచారంగా తోసేశారు.

2012లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు దీని మర్మం బయటపెట్టారు. ఆముదం కడుపులోకి వెళ్లాక విడిపడే రిసినోలియిక్ ఆమ్లం పేగు కండరాల మీద ఉండే ఒక ప్రత్యేకమైన గ్రాహకానికి అంటుకుని కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది. అదే గ్రాహకం గర్భసంచి కండరంలోనూ ఉంది. ఒక తాళంచెవి రెండు తాళాలను తీస్తుందన్నమాట. మంత్రసాని చూసింది సరిగ్గానే చూసింది.

కాని చూసినది నిజమయినంత మాత్రాన చేసినది క్షేమమనుకోరాదు. ఆముదంతో కాన్పు తెప్పించిన ప్రయోగాలను ఒకచోట చేర్చి 2013లో సమీక్షించినప్పుడు, దాన్ని తాగిన స్త్రీలందరికీ కడుపులో తిప్పిందని తేలింది. లాభం రుజువయ్యేంత మంచి ఆధారాలూ దొరకలేదు. నెలలు నిండని గర్భిణి మలబద్ధకానికని ఆముదం తాగితే ఆ రెండో తాళం కూడా కదలవచ్చు. గర్భిణికి విరేచనం వద్దన్న పాత గ్రంథాల మాటా, ఈ కొత్త పరిశోధన మాటా ఇక్కడ ఒకటే. ఈ ఒక్క సంగతయినా మన ఇళ్లలో గట్టిగా గుర్తుంచుకోవాలి.

కాన్పయిన తర్వాతి కథ ఇంకా చిత్రమైనది. బాలింతకు మనం పెట్టే పథ్యం తెలిసిందే. కూరలు వద్దు, పండ్లు వద్దు, పప్పు తక్కువ. వేయించిన పొడులు, వెల్లుల్లి కారం, కాయం. అన్నిటికంటే పెద్ద ఆంక్ష నీళ్ల మీద. ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని దాహంతో ఉంచేవారు. పాలిచ్చే తల్లికి నీళ్లు మామూలుకంటే ఎక్కువ కావాలి. నీళ్లు తగ్గించి, ఆకుకూర మాన్పించి, మంచం దిగవద్దని చెప్పి, అయిదో రోజున కడుపు కట్టుకుపోయిందని ఆముదం పట్టడమంటే ఒక చేత్తో ముడి వేసి రెండో చేత్తో విప్పడమే. మంచి ఉద్దేశంతోనే చేశారు. ఆ ఉద్దేశం పేరు చెప్పుకుని ఇప్పటికీ చేయడం మాత్రం న్యాయం కాదు.

మర వచ్చింది, తవుడు పోయింది

ఇక రోజువారీ భోజనం సంగతి. పాత తిండిలో రాగి, జొన్న, కొర్ర, సజ్జ, దంపుడు బియ్యం ఉండేవి. పక్కన ఏదో ఒక ఆకుకూర, ఉలవలో అలసందలో ఉండేవి. ఇవి పేదల తిండి. అందులో ఆకలి ఉంది; దాన్ని బంగారుకాలమని నేను పొగడబోవడం లేదు. పీచుకు మాత్రం అందులో కొదవ లేదు.

20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మద్రాసు రాజధాని అంతటా బియ్యపు మరలు వ్యాపించాయి. దంపుడు ఆడవాళ్ల చాకిరీ గనుక మర వాళ్ల భుజాలకు విశ్రాంతినిచ్చింది. ఆ మేలు కాదనలేం. కాని అదే మర బియ్యపు పైపొరను తవుడు చేసి పశువుల తొట్టిలోకి పంపింది. తెల్లన్నం మర్యాద, రాగి సంకటి నామోషీ అనే లెక్క మొదలయింది.

ఈ మార్పును శాస్త్రం పట్టుకున్నది మనకు దగ్గరలోనే, నీలగిరిలోని కూనూరులో. 1918లో అక్కడ రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు ఒకే ఒక గదిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన ప్రారంభించాడు. ఎలుకలను గుంపులు చేసి ఒక్కొక్క గుంపుకు దేశంలోని ఒక్కొక్క ప్రాంతపు భోజనం పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్న పంజాబు సిక్కుల గుంపు బాగా ఎదిగింది. తెల్లన్నపు మద్రాసు భోజనం తిన్న గుంపు అందరికంటే వెనుకబడింది. ఆ గది 1928 నాటికి పోషకాహార పరిశోధనాలయమయింది. 1958లో హైదరాబాదుకు తరలింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. 1934 చివర గాంధీగారు స్థాపించిన అఖిలభారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యం తినమని ప్రచారం చేయడం వెనుక ఇలాంటి శాస్త్ర ఫలితాలు కూడా ఉన్నాయి.

పీచుకూ పేగుకూ ఉన్న సంబంధాన్ని ప్రపంచం ముందు పెట్టినది ఆఫ్రికాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్. ముడిధాన్యం తినే ఆఫ్రికా పల్లెవాసుల్లో మలం ఎక్కువ బరువుతో, మెత్తగా, త్వరగా బయటపడుతుందనీ, తెల్లరొట్టె తినే ఇంగ్లీషువాళ్లలో అది కొద్దిగా, గట్టిగా, చాలా ఆలస్యంగా వస్తుందనీ 1972లో ఆయన బృందం ప్రకటించింది.

హైదరాబాదు సంస్థ 2017లో అచ్చువేసిన పట్టికలు చూస్తే మన లెక్క మనకే తెలుస్తుంది. 100 గ్రాముల మరపట్టిన బియ్యంలో పీచు 3 గ్రాములైనా లేదు. రాగుల్లో 11 గ్రాములు, జొన్నల్లో 10 గ్రాములు, సజ్జల్లో 11 గ్రాములకు పైనే. మనిషికి రోజుకు సుమారు 30 గ్రాములు కావాలి. తెల్లన్నం, చారు, మజ్జిగతో రెండు పూటలు గడిపే ఇల్లాలికి ఆ లోటు ఎక్కణ్ణుంచి పూడుతుంది? పైగా ఆమె అందరూ తిన్నాక తింటుంది. అప్పటికి గిన్నెలో అన్నం ఉంటుంది, కూర ఉండదు.

తిండి మారింది కాని కూరలో లోటు పూడ్చే ప్రయత్నం జరగలేదు. దాని బదులు మందులు పెరిగాయి. వాటిలో మన తమిళనాటి సరుకు ఒకటుంది. సునాముఖి. నేలతంగేడని కూడా అంటాం. తిరునల్వేలి నేలల్లో పండి, తూత్తుకుడి రేవు మీదుగా ప్రపంచమంతా వెళ్లి, ఆ జిల్లా పేరుతోనే ఔషధగ్రంథాల్లో నిలిచిన ఆకు ఇది. 1941లో స్విట్జర్లండులో ఆర్థర్ స్టోల్ బృందం దాని సారాన్ని వేరుచేసింది. రాత్రి తీసుకుంటే అది పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల మారి, తెల్లవారేసరికి పని చేస్తుంది. కొద్దిరోజులకు మంచి మందే. గుజరాతు నుంచి వచ్చే ఇసబ్‌గోలు దారి వేరు. అది పేగును రెచ్చగొట్టదు, నీళ్లు పీల్చి ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది. కాని నీళ్లు తాగకుండా దాన్ని మింగితే మేలుకు బదులు కీడు. ఇవన్నీ చెట్టు నుంచి వచ్చినవే గనుక ఎంత వాడినా ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. ఆముదం గింజలోని విషం కూడా చెట్టు నుంచి వచ్చిందే.

బయటికి వెళ్లడం

తెలుగులో ఈ పనికి మర్యాదైన పేరు బయటికి వెళ్లడం. తమిళులు వెళిక్కి పోవడమంటారు. కన్నడిగులు బహిర్దెసె అంటారు. మూడు భాషల్లోనూ ఆ మాటకు అర్థం ఒకటే: ఇంట్లో దానికి చోటు లేదు.

మగవాడికి బయలు ఎప్పుడైనా బయలే. ఆడవాళ్లకు అది రోజుకు రెండే గడియలు తెరుచుకునే తలుపు. తెల్లవారక ముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. ఈ మధ్యలో కడుపు అడిగినా ఆపుకోవాలి. ఆపుకోవడానికి సులువైన మార్గం నీళ్లు తాగకపోవడం, పగలు తక్కువ తినడం. ఇక్కడే వైద్యశాస్త్రం చెప్పే మాట వినాలి. ఉదయం ఏదైనా తిన్న తర్వాత పెద్దపేగు తనంతట తాను కదులుతుంది. ఆ పిలుపుకు వెంటనే వెళ్తే పని సులువుగా అవుతుంది. వెళ్లకపోతే పేగు మలంలోని నీటిని పీల్చేస్తుంది, మలం గట్టిపడుతుంది. రోజూ ఇలాగే జరిగితే పిలుపే మందగిస్తుంది. మన ఇల్లాలికి ఆ పిలుపు వచ్చే వేళ ఏది? పొయ్యి మీద పాలు, బిందె పట్టుకుని కుళాయి దగ్గర వరస, బడికి వెళ్లే పిల్లల జడలు. ఆ పిలుపు వినే తీరిక ఆమెకు లేదు, విన్నా వెళ్లే చోటు లేదు.

2011 జనాభా లెక్కల్లో దేశంలో సగానికి కొంచెం తక్కువ ఇళ్లకే, 46.9 శాతానికే, ఆవరణలో మరుగుదొడ్డి ఉంది. పల్లెల్లో అది 30.7 శాతమే. 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలయింది. కోట్ల సంఖ్యలో దొడ్లు కట్టారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఏ దొడ్డీ వాడని ఇళ్లు 19 శాతానికి తగ్గాయి. ఇది చిన్న మార్పు కాదు. ఆడవాళ్ల పేగుల చరిత్రలో ఏ ఆకూ, ఏ గింజా చేయలేని పని ఇటుకలు చేశాయి.

అయినా ఇంటి బయట కథ పూర్తికాలేదు. ఉద్యోగరీత్యా మూడు రాష్ట్రాల్లో తిరిగాను. ఒక పల్లె శాఖలో గుమాస్తాగా చేరిన అమ్మాయి పొద్దుట తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్లు ముట్టేది కాదు. భవనంలో ఉన్న ఒక్క దొడ్డికీ గడియ లేదు. గడియ వేయించడానికి ఖర్చు వందలోపే, ఆ కాగితం పై కార్యాలయానికి వెళ్లి రావడానికి పట్టింది మాత్రం నాలుగు నెలలు. బస్సు స్టాండుల్లో, అంగడి వీధుల్లో, పొలాల్లో, బట్టల మిల్లుల్లో ఆ గడియ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. బడుల్లో ఆడపిల్లలకు వేరుగా దొడ్లు ఉండాలని 2012లో సుప్రీంకోర్టు ఆదేశించవలసివచ్చిందంటే ఆ పిల్లలు అంతకుముందు ఎలా గడిపారో ఊహించుకోవచ్చు.

నల్లమాత్ర సంగతి

ఈ చరిత్రలో చివరి పేజీ ఐరన్ మాత్రలది. రక్తహీనతను తగ్గించడానికి 1970లో ప్రభుత్వం గర్భిణులకు ఐరన్ మాత్రలు పంచడం ప్రారంభించింది. 2018లో అనీమియా ముక్త్ భారత్ పేరుతో ఆ పనిని విస్తరించారు. అయినా 2019-21 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఏ ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది. మాత్ర మింగితే మలం నల్లగా, గట్టిగా వస్తుంది. మూడోరోజుకు కడుపు కట్టేస్తుంది. ఆ మాట చెప్పడానికి సిగ్గు. మాత్రలు పెట్టెలోకి వెళ్తాయి. అడిగినవాళ్లకు మింగుతున్నాననే జవాబు వస్తుంది.

అంటే నోరు విప్పి చెప్పలేని మలబద్ధకం ఆ ఒక్క బాధతో ఆగడం లేదు. రక్తాన్ని కూడా తినేస్తోంది. మలం నల్లబడటం ఐరన్ వల్ల సహజమేనని ముందే చెబితే సగం భయం పోతుంది. మాత్రను భోజనం తర్వాత వేసుకోవడం, మోతాదు మార్చడం, మరో రకం ఇవ్వడం వైద్యుల చేతిలో పని. చెబితే చేస్తారు. చెప్పుకునే వీలు కల్పించడం ఇంట్లోవాళ్ల పని.

ఇంత చరిత్ర తిరగేస్తే తేలేదేమిటి? ఆముదం చెడ్డదని కాదు. మన తాతమ్మల తెలివికి అది నిలువెత్తు సాక్ష్యం. కాని తాతమ్మలు దాన్ని కదలని నాటికి దాచుకున్నారు. కదలకపోవడానికి కారణాలను మనం తీసేయకుండా ఆ నాడును వారానికోసారి తెచ్చుకుంటున్నాం. బియ్యం తెల్లనయింది, నీళ్లు తగ్గాయి, ఉదయపు తీరిక లేదు, గడియ లేదు. ఆ నాలుగింటి లోటునూ ఒక్క సీసాలో జమ వేస్తున్నాం.

ప్రకృతి పద్ధతి అంటే ఒక మందుకు బదులు మరో మందు కాదు. ఒక పూట రాగి సంకటో జొన్న రొట్టో, రోజూ ఒక ఆకుకూర, ఒక జామకాయ, దాహానికి ముందే నీళ్లు, ఉదయం పావుగంట తనదైన సమయం, కాళ్లు ముడిచి కూర్చునే వీలు. ఇవన్నీ చేసినా మూడు వారాలు దాటి బాధ పోకపోయినా, మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా, యాభై దాటాక కొత్తగా అలవాటు మారినా ఇంటివైద్యం ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. థైరాయిడ్ లోపం నుంచి పెద్దపేగు పుండు దాకా ఎన్నో జబ్బుల మొదటి గుర్తు ఇదే కావచ్చు.

ఇంట్లో ఎవరైనా ఆముదం సీసా ఎక్కడుందని అడిగితే తీసి ఇచ్చే ముందు ఒక్క నిమిషం ఆగి మరో మూడు అడుగుదాం. పొద్దుటి నుంచి నీళ్లు ఎన్నిసార్లు తాగావు? కూర నీకు మిగిలిందా? పని చేసేచోట గడియ ఉన్న తలుపుందా? మూడింటిలో దేనికి జవాబు లేకపోయినా, ఆ రోజు చేయవలసిన వైద్యం అక్కడ మొదలవుతుంది.